చంటిబిడ్డ చెవి, ఇంటిల్లిపాది పని

ఏడాదిన్నర దాటినా పిల్లాడికి మాట రాలేదంటే మన కోనసీమలో పెద్దవాళ్లు ముందు అడిగేది ఒకటే. "వస పోశారా?" అంటారు. పోయలేదంటే ఆ పూటే పచారీ కొట్టు నుంచి వస కొమ్ము తెప్పించి, సానరాయి మీద అరగదీసి, తేనెతో రంగరించి నాలుకకు రాస్తారు. పోశామంటే రెండో మాట సిద్ధంగా ఉంటుంది. "మగపిల్లాడు కదండీ, ఆలస్యంగానే వస్తాయి. వీళ్ల తాతకి అయిదో ఏట గాని నోరు పెగల్లేదు." అదీ కాదంటే నాలుక కింద తీగ మందంగా ఉందనీ, కోయిస్తే గలగలా మాట్లాడతాడనీ సలహా చెబుతారు. ఈ మూడు మాటల్లో ఎక్కడా చెవి ఊసు లేదు చూడండి. మాట నోట్లోంచి వస్తుంది కాబట్టి లోపాన్ని నోట్లోనే వెతుకుతాం. కాని మాట ముందు చెవిలో పడాలి, నెలల తరబడి పడుతూనే ఉండాలి, అప్పుడు గాని నోటికి రాదు. వినబడని బిడ్డ నాలుకకు ఏం రాసినా ఒకటే. నాలుకలో ఏ లోపమూ లేదు, గొంతులో ఏ లోపమూ లేదు.

ఇంట్లోవాళ్లకు అనుమానం రాదని కాదు. వస్తుంది, తల్లికైతే అందరికంటే ముందే వస్తుంది. రాగానే ఇంట్లోనే పరీక్ష పెడతారు. బిడ్డ వెనక్కి వెళ్లి చప్పట్లు కొడతారు, స్టీలు కంచం మీద గరిటెతో వాయిస్తారు, తలుపు దభీమని వేస్తారు. బిడ్డ తిరిగి చూస్తాడు. "ఆయ్, వింటాడండి! మీరే లేనిపోని బెంగ పెట్టుకున్నారు" అని నాయనమ్మ తేల్చేస్తుంది. అందరి మనసూ కుదుటపడుతుంది. నిజానికి బిడ్డకు అందింది చప్పుడు కాకపోవచ్చు. చప్పట్ల గాలి మెడకు తగులుతుంది, తలుపు అదురు నేల మీదుగా పాదాలకు చేరుతుంది, మన నీడ గోడ మీద కదులుతుంది. వినబడని పిల్లలు కంటితోనూ ఒంటితోనూ మహా చురుగ్గా ఉంటారు. సంక్రాంతి వెళ్లాక జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎత్తుకెళితే డప్పులకు ఎగిరి గంతులు వేస్తారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. డప్పు మోత ఎవరికైనా గుండెల్లో అదురుతుంది. పైగా పుట్టుచెవుడు ఉన్న పిల్లల్లో చాలామందికి బొంగురు శబ్దాలను వినే శక్తి ఎంతో కొంత మిగిలే ఉంటుంది. అలాంటి బిడ్డకు డప్పు అందుతుంది, "స" అందదు, "ష" అందదు.

మన తెలుగు ఇక్కడ ఇంకాస్త తిరకాసు పెడుతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చులకు బలం ఎక్కువ, హల్లులకు తక్కువ. అరకొరగా వినబడే బిడ్డకు అచ్చుల వరస, మాటలోని రాగం అందుతాయి. పిలిస్తే తిరుగుతుంది, గద్దిస్తే ముడుచుకుంటుంది. కాని అక్క, అత్త, అబ్బ, అమ్మ అనే నాలుగూ ఆ చెవికి దాదాపు ఒకటే మాట. పోనీ పెదవులు చూసి పోల్చుకుందామంటే అమ్మకీ అబ్బకీ పెదవులు ఒకేలా మూతపడతాయి, అక్కకీ అత్తకీ అసలు కలవనే కలవవు. ఈ బిడ్డలే ఎక్కువకాలం ఎవరి కంటా పడకుండా పోతారు. బళ్లో వేశాక "మొద్దు" అనిపించుకుంటారు.

ఇంకో మోసం కూడా ఉంది. నాలుగైదు నెలల దాకా పుట్టుచెవుడు ఉన్న బిడ్డ కూడా అందరిలాగే ఊ కొడుతుంది, కేరింతలు కొడుతుంది. ఆరు నుంచి పది నెలల మధ్య మిగతా పిల్లలు "బాబాబా, దాదాదా" అంటూ మొదలుపెట్టే వేళకు ఈ బిడ్డ దగ్గర ఆ గలగల వినిపించదు. అది గమనించవలసిన గుర్తు. కాని అప్పటిదాకా ఎందుకు ఆగాలి? పుట్టిన రెండో రోజునే చెవిని పరీక్షించే సాధనం ఉండగా!

ఆ పరీక్ష పేరు ఓఏఈ. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త ఒక విచిత్రం కనిపెట్టాడు. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి శబ్దాన్ని పుచ్చుకోవడమే కాదు, తిరిగి సన్నటి ప్రతిధ్వనిని బయటికి పంపుతుందట. ఆ ప్రతిధ్వనిని పట్టుకునేదే ఈ యంత్రం. పాలు తాగి నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తటి బిరడా లాంటిది పెడతారు, కొన్ని నిమిషాల్లో ఫలితం వస్తుంది. సూది లేదు, నొప్పి లేదు. "పాస్" అనో "రిఫర్" అనో చూపిస్తుంది. రిఫర్ అంటే చెవుడు అని కాదు. పుట్టినప్పటి జిగురు చెవిలో ఉన్నా అలాగే వస్తుంది, కొన్ని రోజులాగి మళ్లీ చేస్తారు. మళ్లీ రిఫరే వస్తే బెరా అనే పరీక్ష చేయించాలి. నుదుటి మీదా చెవుల వెనకా చిన్న చిన్న బిళ్లలు అంటించి, శబ్దానికి నరంలోనూ మెదడు కాండంలోనూ లేచే తరంగాలను గీతలుగా చూస్తారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ, కామెర్లు ముదిరి రక్తం మార్చవలసి వచ్చిన పిల్లలకూ, ఐసీయూ గాజు పెట్టెలో రోజుల తరబడి ఉన్న పిల్లలకూ ఓఏఈ ఒక్కటే చాలదు. చెవి బాగుండి నరం దగ్గర తేడా ఉండే రకం ఒకటుంది. అలాంటి బిడ్డ ఓఏఈలో పాసైపోయి, బెరాలో దొరుకుతుంది.

నెల లోపు మొదటి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చెవి మిషను, దాంతోపాటు ఇంట్లో శిక్షణ. ప్రపంచంలో చాలా దేశాలు పెట్టుకున్న గడువు ఇది. ఆరు నెలలే ఎందుకంటే, అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో, ఆమె సహచరులు 150 మంది పిల్లల భాషను కొలిచి 1998లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో 72 మందికి ఆరు నెలల లోపు లోపం బయటపడింది, 78 మందికి ఆ తరవాత. ముందు బయటపడిన పిల్లల భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. చెవుడు కొంచెమా ఎక్కువా, ఇల్లు గొప్పదా బీదదా అనే తేడా ఇక్కడ పనిచేయలేదు. వరి వేసేవాళ్లకు నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముదురు నారు నాటితే ఎంత ఎరువు వేసినా పిలకలు తక్కువే. మెదడులో మాటకు కేటాయించిన చోటికి కూడా అదను ఉంది. మన దగ్గర మూడో ఏడు, నాలుగో ఏడు నిండాక తొలిసారి చెవి పరీక్షకు వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఈ పిల్లల ఇళ్లకు వెళ్లి వస్తుండే నాలాంటివాళ్లకు అన్నిటికంటే కష్టమైన ఘడియ, ఆ తల్లి "ఇప్పుడు తెచ్చాం కదా, అందరిలాగే మాట్లాడతాడా అండీ" అని అడిగే ఘడియ. అప్పటికీ చేయగలిగింది చాలానే ఉంటుంది. కాని రెండేళ్ల కిందట అయితే ఇదే పని ఎంత సులువయ్యేదో మాకు తెలుసు.

తల్లి అన్నాను కదా, ఒక మాట చెప్పాలి. బిడ్డకు చెవుడు అని తేలిన రోజు నుంచి ఇంట్లో తప్పు ఎవరిదన్న విచారణ మొదలవుతుంది. గ్రహణం రోజు బయట తిరిగిందంటారు, కడుపుతో ఉండగా ఏదో తిన్నదంటారు. గ్రహణానికీ చెవికీ సంబంధం లేదు. ఉన్న కారణాలు వేరు. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు మన వైపు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఒకే కుటుంబంలో దాగి ఉన్న జన్యులోపం ఇద్దరి వైపునుంచీ వచ్చి బిడ్డలో కలిస్తే చెవుడు బయటపడుతుంది. తల్లీ తండ్రీ సమానంగా ఇస్తేనే అలా జరుగుతుంది, ఆ పెళ్లి కుదిర్చింది పెద్దలే. రెండోది, గర్భం తొలి నెలల్లో తల్లికి రుబెల్లా సోకడం. ఆ జ్వరం వచ్చిపోయినట్టు కూడా చాలాసార్లు తెలియదు. దానికి టీకా ఉంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో బళ్లలో పిల్లలందరికీ మీజిల్స్ రుబెల్లా టీకా వేశారు, ఇప్పుడు తొమ్మిదో నెలలో ఒకసారీ ఏడాదిన్నర ప్రాంతంలో ఒకసారీ వేస్తున్నారు. ముదిరిన కామెర్లు, మెదడువాపు, కొన్ని రకాల ఇంజెక్షన్లు మిగతావి. పిల్లల్లో వినికిడి లోపాలలో 60 శాతం దాకా నివారించదగ్గ కారణాల వల్లే వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నట్టు, నీళ్లు పోసేటప్పుడు పసిబిడ్డ చెవుల్లో కొబ్బరినూనె పోసే అలవాటు మానెయ్యండి. కొబ్బరి మన బంగారమే, చెవిలోకి మాత్రం వద్దు.

సరే, ఎక్కడికి వెళ్లాలి? 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే, అంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే చెవుడు కూడా చూడవలసిన లోపాల జాబితాలో ఉంది. ఆ బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి. వాళ్లు అనుమానించిన బిడ్డను జిల్లా బాలల సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. డైక్ సెంటర్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మనకు వేరే జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్లో. అంతకుముందు నుంచీ అలవాటైన పెద్దాసుపత్రి కాకినాడదే. అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా ఒక పూట ప్రయాణం. కొత్తపేట వాళ్లకు రావులపాలెం మీదుగా రాజమండ్రి దగ్గర. రాజోలు వాళ్లకు ఎటు వెళ్లినా దూరమే. లంకల్లో వాళ్లకైతే ముందు పడవ దాటాలి. ఒకసారి పరీక్షకు వెళ్లి రావచ్చు. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీకి రమ్మంటే కూలి పని చేసుకునే కుటుంబం ఎన్ని వారాలు వెళ్లగలదు? రెండో నెలలో మానేస్తుంది. నేను వాళ్లను తప్పు పట్టను.

అందుకే నా మాటంతా ఇంటి గురించే. స్పీచ్ థెరపిస్టు దగ్గర బిడ్డ గడిపేది వారానికి గంటో రెండు గంటలో. మిగతా కాలమంతా ఇంట్లోవాళ్లతోనే. థెరపీ అంటే ఇంట్లోవాళ్లకు నేర్పించే పని అని మొదట గ్రహించినవాళ్లలో లూయీస్ ట్రేసీ ఒకరు. హాలీవుడ్ నటుడు స్పెన్సర్ ట్రేసీ భార్య. కొడుకు జాన్ పది నెలల పిల్లాడుగా ఉన్నప్పుడు తలుపు గట్టిగా పడినా నిద్ర లేవకపోవడం చూసి ఆమెకు సంగతి తెలిసింది. 1942లో లాస్ ఏంజెలెస్‌లో తల్లిదండ్రుల కోసం ఒక క్లినిక్ పెట్టింది. మరుసటి ఏడాది నుంచి దూరాన ఉన్నవాళ్లకు ఉచితంగా ఉత్తరాల ద్వారా పాఠాలు పంపించింది. టెలిఫోను ఇంకా ఇంటింటా లేని రోజుల్లో పోస్టు ద్వారా తల్లులకు నేర్పించగలిగారంటే, ఇంటింటా స్మార్ట్‌ఫోన్ ఉన్న రోజుల్లో మన లంక గ్రామాలకు నేర్పించలేకపోవడం నాకు అర్థం కాదు. మద్రాసులో 1969 నుంచి నడుస్తున్న బాలవిద్యాలయ కూడా చంటిపిల్లలనే చేర్చుకుంటుంది. అక్కడ బిడ్డతోపాటు తల్లి కూడా వచ్చి కూర్చుని నేర్చుకోవాలి.

మన దగ్గర తల్లి బదులు చాలా ఇళ్లలో అమ్మమ్మో నాయనమ్మో ఉంటుంది. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లలో పనికి వెళ్లి ఉంటుంది, తండ్రి దుబాయ్‌లో. బిడ్డ చెవికి మిషను పెట్టేదీ తీసేదీ ముసలామే. ఆమెకు అక్షరాలు రాకపోతే రానివ్వండి, నేర్పితే మిషను సంగతంతా వచ్చేస్తుంది. మిషను బటన్ బ్యాటరీ వెనక రంగు కాగితం పీకి, ఒక నిమిషం గాలికి వదిలి అప్పుడు మిషనులో వెయ్యాలి. గాలి తగిలితేనే ఆ బ్యాటరీ రగులుకుంటుంది. చెవిలో కూర్చునే మౌల్డు చంటిపిల్లలకు కొన్ని నెలలకే వదులైపోతుంది, చెవి పెరుగుతుంది కదా. అప్పుడు కుయ్యిమని ఈల వేస్తుంది. ఆ ఈల విని మిషను పాడైందని బీరువాలో పెట్టేస్తారు. పాడవలేదు, మౌల్డు మార్చాలి. ఇక మన సముద్రపు తేమ, చెమట మిషనుకు శత్రువులు. రాత్రిపూట సిలికా జెల్ గుళికలు వేసిన మూత డబ్బాలో పెట్టి పడుకోవాలి. మే నెలలో ఈ ఒక్కపని చెయ్యక ఎన్ని మిషన్లు మూగబోతాయో!

పొద్దున్నే మిషను పెట్టగానే ఆరు శబ్దాల పరీక్ష చెయ్యాలి. డేనియల్ లింగ్ అనే ఆయన ఏర్పరచిన పద్ధతి ఇది. బిడ్డ వెనక కూర్చుని, గాలి తగలకుండా, మామూలు గొంతుతో ఒక్కొక్కటే అనాలి: ఆ... ఊ... ఈ... మ్... ష్... స్... మధ్యలో ఒక్కోసారి ఎక్కువసేపు ఆగాలి, లేకపోతే బిడ్డ లెక్క పట్టేస్తుంది. వినబడినప్పుడల్లా ఒక చింతపిక్క గిన్నెలో వెయ్యమని ఆటలాగా నేర్పవచ్చు, రెండేళ్ల బిడ్డ వేస్తుంది. నిన్న ఆరింటికీ వేసి, ఇవాళ "స్"కి వెయ్యకపోతే బ్యాటరీ చూడాలి, మౌల్డులో గుబిలి చూడాలి, జలుబు చేసిందేమో చూడాలి. ఇంత నాజూకైన పరీక్షకు అయ్యే ఖర్చు ఆరు చింతపిక్కలు.

ఆ తరవాత రోజంతా మాటే. రాజోలు వైపు ఒక నాయనమ్మను చూశాను. కొబ్బరి కోరడానికి కూర్చుంది. మనవరాలిని ఎదురుగా, చేతికందేంత దూరంలో కూర్చోబెట్టుకుంది. టీవీ కట్టేసింది. కాయ చేతిలో పట్టుకుని తన మొహం పక్కన పెట్టుకుంది. "కాయ. కొబ్బరికాయ. కొట్టనా?" అని ఆగింది. బిడ్డ ఆమె మొహం వంక చూసేదాకా కొట్టలేదు. కొట్టింది. "టప్పుమంది! నీళ్లు! తాగుతావా? నీళ్లు కావాలా?" మళ్లీ ఆగింది. బిడ్డ "నీ" అంది. అప్పుడు గ్లాసు ఇచ్చింది. ఆ ఆగడంలోనే ఉంది కిటుకు అంతా. మనలో ఎక్కువమంది ప్రశ్న వేసి, జవాబు మనమే చెప్పేసి, గ్లాసు కూడా ఇచ్చేస్తాం. గల్ఫ్‌లో ఉన్న తల్లి వీడియో కాల్ చేసినప్పుడు కూడా దీపం వెలుగు తన మొహం మీద పడేలా కూర్చుని, ఇలాగే ఆగి ఆగి మాట్లాడితే అదీ థెరపీయే. బిడ్డ చేతికి ఫోనిచ్చి కార్టూన్లు పెట్టడం మాత్రం కాదు. కార్టూన్ మన జవాబు కోసం ఆగదు.

మిషనుతో లాభం లేనంత తీవ్రమైన చెవుడైతే, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ మాట వస్తుంది. లక్షల ఖర్చు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని మన రాష్ట్రంలో బీద పిల్లలకు ఈ ఆపరేషన్లు జరిగాయి. ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉంది. కేంద్రం, దివ్యాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకం కింద 2014 నుంచి అయిదేళ్ల లోపు పుట్టుచెవుడు పిల్లలకు ఇస్తోంది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ దానికి పెద్ద, ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. అన్నిటికీ వయసు గీతలున్నాయి, గీత దాటాక ఎవరి సిఫారసూ పనిచేయదు. ఆపరేషన్ అయింది కదా, ఇక మాటలొస్తాయి అనుకోవడం ఇంకో ప్రమాదం. ఆపరేషన్ రోజున బిడ్డ చెవి వయసు సున్నా. మూడేళ్ల బిడ్డ అప్పుడే పుట్టినట్టు. నాయనమ్మ, కొబ్బరికాయ, ఆరు శబ్దాలు అన్నీ అక్కడినుంచి మొదలు. ఇంప్లాంట్ బయటి భాగం తీగ తెగిందని, బాగుచేయించే స్తోమత లేక మూలపడేసిన ఇంప్లాంట్లు ఉన్నాయి. ఆపరేషన్‌కు డబ్బిచ్చిన ప్రభుత్వం తీగకూ ఇవ్వాలని నేను గట్టిగానే అంటాను.

సైగల విషయంలో మనవాళ్లకు ఒక భయం ఉంది. సైగలు చేస్తే మాట రాదని చేతులు కట్టేసినంత పని చేస్తారు. నా అభిప్రాయం వేరు. బిడ్డకు రెండేళ్లలో ఏదో ఒక భాష పూర్తిగా అందాలి. చెవి ద్వారా అందితే సరే. అందనంతకాలం చేతుల ద్వారా అందనివ్వండి. భారతీయ సంకేత భాషకు 2015లో ఢిల్లీలో జాతీయ సంస్థ ఏర్పడింది, పదివేల మాటల నిఘంటువు వీడియోల్లో ఉచితంగా దొరుకుతోంది. ఏ భాషా లేకుండా అయిదేళ్లు గడిపిన బిడ్డకు జరిగే నష్టం ముందు మిగతా వాదనలన్నీ చిన్నవి.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకోండి, తప్పకుండా తీసుకోండి. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది, అది ఆ కుటుంబం హక్కు. ఆ డబ్బుతో బ్యాటరీలు, మౌల్డులు, బస్సు చార్జీలు వెళ్లిపోతాయి. ఇబ్బంది ఏమిటంటే సదరం శిబిరం తేదీ కోసం పరుగెత్తినంత ఆత్రంగా మనం స్పీచ్ థెరపిస్టు కోసం పరుగెత్తం. మన వ్యవస్థలోనూ ఒక బొక్క ఉంది. బడి ఈడు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక టీచర్లున్నారు. పుట్టిన నాటినుంచి మూడేళ్ల దాకా, అంటే అన్నిటికంటే విలువైన కాలంలో, ఇంటికి వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుని నేర్పే మనిషి లేడు. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి ఎలాగూ వస్తుంది. అంగన్‌వాడీ టీచరు వీధి చివరే ఉంటుంది. 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ఒక విధానమూ ప్రకటించింది. వాళ్లకు మిషను బ్యాటరీ మార్చడం, ఆరు శబ్దాల పరీక్ష నేర్పించడానికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు.

ఇప్పటికిప్పుడు మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే మీరు చేయగలిగింది ఒకటుంది. బిడ్డకు నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు టీకాలుంటాయి. బుధవారమో శనివారమో ఎలాగూ వెళతారు. ఆ మొదటి టీకా రోజున ఏఎన్ఎమ్మునో డాక్టరునో ఇలా అడగండి: "మా పాపకు చెవి పరీక్ష, ఓఏఈ చేశారా అండీ? కార్డులో రాశారా? చెయ్యకపోతే ఎక్కడికి వెళ్లమంటారు, కాగితం రాసివ్వండి." కాగితం చేతికి వచ్చేదాకా అక్కడే ఉండండి. పాసైందని చెప్పినా సరే, ఏడాదికి ఒక్క మాటైనా రాకపోయినా, వచ్చిన మాటలు ఆగిపోయినా మళ్లీ చేయించమనండి. కొన్ని లోపాలు పుట్టాక వస్తాయి.